మందుల అన్వేషణ: తాళం ముందా, రోగి ముందా?

భీమవరంలో 1895లో జన్మించి, 1948లో అమెరికాలో కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు ప్రవాసాంధ్రుల సభలలో తరచు వినబడుతుంది. ఆయన సాధించిన విజయాల జాబితా చదవడం, చప్పట్లు కొట్టడం ఒక ఆనవాయితీ అయింది. కాని ఆ జాబితాలోని రెండు అంశాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి, ఔషధ పరిశోధకులను రెండు శిబిరాలుగా చీల్చిన ఒక పెద్ద వివాదం అందులోనే బీజరూపంలో కనిపిస్తుంది.

మొదటి అంశం 1929 నాటిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు కండరాల నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాన్ని వేరు చేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. ఏటీపీ అనే పొట్టి పేరుతో నేడు బడిపిల్లలకు సైతం తెలిసిన ఆ పదార్థం, ప్రాణమున్న ప్రతి కణమూ శక్తిని ఖర్చు పెట్టడానికి వాడుకొనే నాణెం. అది గొప్ప జ్ఞానమే. కాని ఆనాడు దాని నుండి ఏ మందూ పుట్టలేదు.

రెండవ అంశం 1947 నాటిది. లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు సుబ్బారావు సారథ్యం వహిస్తున్న రోజులలో, అక్కడి బృందం ఫైలేరియా జాతి పురుగులు సోకిన ఎలుకలకు ఒకదాని తరువాత ఒకటిగా అనేక రసాయనాలు ఇచ్చి చూసి, డైఇథైల్‌కార్బమజీన్ అనే మందును పట్టుకొన్నది. హెట్రజాన్ అనే పేరుతో వెలువడిన ఆ మందు, కోస్తా జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాలుపై తొలి సమర్థమైన ఆయుధమైంది. భారతదేశంలో 2004 నుండి జరిగిన సామూహిక ఔషధ పంపిణీకి కూడా ఆ బిళ్ళే మూలాధారం. అయితే అది పురుగు శరీరంలో ఏ అణువును పట్టుకొని పనిచేస్తున్నదో దశాబ్దాల పాటు ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. ఇక్కడ మందు ఉన్నది, జ్ఞానం లేదు.

అణువును ఎరిగి మందును వెదకడమా? రోగాన్ని చూసి మందును వెదకి, అణువును తరువాత ఎరగడమా? ఈ ప్రశ్న ప్రయోగశాల గోడల మధ్య తేలిపోయే సాంకేతిక సమస్యగా కనిపించవచ్చు. నిజానికి ఏ రోగులకు మందు దొరుకుతుంది, ఏ రోగులకు దొరకదు అన్నది ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానంపైనే చాలా వరకు ఆధారపడి ఉన్నది.

తాళమూ, తాళంచెవీ, జల్లెడా

మందు పనిచేసే తీరును తాళంతో, తాళంచెవితో పోల్చడం పాత అలవాటు. శరీరంలోనో, సూక్ష్మజీవిలోనో ఉన్న ఒక ప్రోటీన్ తాళం. అందులో సరిగ్గా ఇమిడే చిన్న రసాయనం తాళంచెవి. ఔషధ శాస్త్రజ్ఞులు ఆ తాళాన్ని ‘లక్ష్యం’ అంటారు. లక్షలాది రసాయనాలలో ఏది ఇముడుతుందో వెదకే పనిని స్క్రీనింగ్ అంటారు. తెలుగులో దానికి ‘జల్లెడ పట్టడం’ కంటే మంచి మాట లేదు.

జల్లెడ కొత్తదేమీ కాదు. జర్మనీలో పాల్ ఎర్లిక్, ఆయన సహచరుడు సహచిరో హాటా ఆర్సెనిక్ రసాయనాలను ఒక్కొక్కటిగా వరుస సంఖ్యలు వేసి పరీక్షించి, 1909లో 606వ సంఖ్య గల పదార్థం సిఫిలిస్‌పై పనిచేస్తున్నదని తేల్చారు. వారు జల్లెడ పట్టినది రోగం సోకిన కుందేళ్ళపైన. లెడర్లీలో పురుగుల మందును జల్లెడ పట్టినది ఎలుకలపైన. బెంజమిన్ డగ్గర్ అదే సంస్థలో ఆరియోమైసిన్‌ను కనుగొన్నది మట్టి నమూనాలలోని సూక్ష్మజీవులను పెంచి చూసి. ఇవన్నీ ప్రాణమున్న జీవిని ముందు పెట్టుకొని చేసిన అన్వేషణలు. తాళం ఎక్కడ ఉన్నదో తెలియకపోయినా, తలుపు తెరుచుకొన్నదా లేదా అన్నదే వారి పరీక్ష.

తరువాత కాలం మారింది. అణు జీవశాస్త్రం ఎదిగి ప్రోటీన్లను విడిగా తయారుచేయడం సాధ్యమైనాక, తాళాన్ని తలుపు నుండి ఊడదీసి ప్రయోగశాల బల్ల మీద పెట్టుకొనే పద్ధతి వచ్చింది. వందలాది చిన్న గుంటలు గల ప్లాస్టిక్ పళ్ళెంలో ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క రసాయనం, దానితోపాటు శుద్ధమైన ప్రోటీన్. మిగిలిన పనంతా మరమనిషి చేతులు చేసుకొనిపోతాయి. రోజుకు లక్ష రసాయనాలను పరీక్షించడం మామూలు విషయమైపోయింది. 2003లో మానవ జన్యుపటం పూర్తి కావడంతో ఈ పద్ధతికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000. 2017లో ప్రచురితమైన ఒక గణన ప్రకారం, అప్పటికి అనుమతి పొందిన మందులన్నీ కలిసి పట్టుకొన్న మానవ ప్రోటీన్లు 667 మాత్రమే. మిగిలిన వేలాది తాళాలు ఇంకా ఎవరూ ముట్టనివి. ఇక కొత్త మందులకు కొదవేమున్నదని ఎందరో ఆశపడ్డారు.

ఒక విజయం, ఒక భంగపాటు

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో రెండు జన్యువులు అతుక్కొని ఒక వికృత ఎంజైమ్ పుడుతుంది. అది ఏటీపీని వాడుకొని కణాలకు ఎడతెగకుండా ‘పెరగండి’ అని ఆజ్ఞలిస్తుంది. ఏటీపీ కూర్చునే గూటిలోనే ఒక రసాయనాన్ని కూర్చోబెడితే ఆ ఆజ్ఞ ఆగిపోవాలి. అయితే మనిషిలో అటువంటి ఎంజైములు 500కు పైగా ఉన్నాయి. అన్నింటిలోనూ ఏటీపీ గూడు ఒకే పోలికలో ఉంటుంది. ఒక్కదానినే ఆపడం అసాధ్యమని అనేకులు భావించారు. 2001లో అనుమతి పొందిన ఇమాటినిబ్ ఆ అనుమానాన్ని పటాపంచలు చేసింది. ప్రాణాంతకమైన రోగం, రోజూ బిళ్ళ వేసుకొని బతకగలిగే రోగంగా మారింది. సుబ్బారావు 1929లో చూసిన అణువు, డెబ్బయి ఏళ్ళ తరువాత ఈ విధంగా మందుకు దారి చూపింది.

కాని అదే మంత్రం అన్ని చోట్లా పారలేదు. గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ 1995 నుండి 2001 వరకు బాక్టీరియాలపై కొత్త మందుల కోసం ఇదే పద్ధతిని అనుసరించింది. 300కు పైగా జన్యువులను పరిశీలించి, 70 సార్లు భారీ ఎత్తున జల్లెడ పట్టింది. చేతికి చిక్కిన ఆశాజనకమైన రసాయనాలు 5 మాత్రమే. ఆ సంస్థ శాస్త్రజ్ఞులే 2007లో ఈ సంగతిని దాచకుండా ప్రచురించారు. వైఫల్యాన్ని ఇంత నిజాయితీగా చెప్పిన పత్రాలు శాస్త్రలోకంలో అరుదు. అందుకు వారిని అభినందించవలసిందే.

కారణం వెదకడం కష్టం కాదు. బల్ల మీది ప్రోటీన్‌ను ఆపిన రసాయనం బాక్టీరియా గోడను దాటి లోపలికి పోలేకపోవచ్చు. పోయినా దానిని బాక్టీరియా బయటికి గెంటివేయవచ్చు. ఒక దారి మూసుకుంటే మరొక దారిలో ప్రాణి బతకవచ్చు. తలుపు నుండి ఊడదీసిన తాళం ఈ సంగతులేవీ చెప్పదు.

1999 నుండి 2008 వరకు అమెరికాలో అనుమతి పొందిన మందులను పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. పూర్తిగా కొత్త తీరులో పనిచేసే 50 చిన్న అణువుల మందులలో 28 జీవకణాలను, జంతువులను ముందు పెట్టుకొని కనుగొన్నవనీ, 17 మాత్రమే లక్ష్యం నుండి మొదలైనవనీ అది తేల్చింది. పాత పద్ధతి పక్షపాతులకు పండగయింది. అయితే 2014లో మరొక బృందం 2013 వరకు లెక్క తీసి, జీవ ఔషధాలను కూడా కలిపి, 113లో 78 లక్ష్య పద్ధతిలోనే వచ్చాయని చూపింది. ఏ మందును ఏ గంపలో వేయాలన్న దానిపై ఈ లెక్కలు మారుతూ ఉంటాయి. కనుక ఒక పద్ధతి గెలిచిందనీ మరొకటి ఓడిందనీ చాటడం తొందరపాటు. ఈ లెక్కలు నేర్పే పాఠం వేరు. తాళాన్ని ఎవరు ఎంచుకొన్నారు, ఏ రోగిని చూసి ఎంచుకొన్నారు అన్నదే గెలుపు ఓటములను నిర్ణయిస్తున్నది.

క్షయ చెప్పిన పాఠం

ప్రపంచంలోని క్షయరోగులలో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. అయినా నాలుగు దశాబ్దాల పాటు క్షయకు కొత్త తీరులో పనిచేసే మందు ఒక్కటీ రాలేదు. ఆ మౌనాన్ని ఛేదించినది బెడాక్విలిన్.

దానిని కనుగొన్న తీరు గమనింపదగినది. బెల్జియంలో కోన్ ఆండ్రీస్ నాయకత్వంలోని బృందం ఏ ప్రోటీన్‌నూ ఎంచుకోలేదు. క్షయ క్రిమికి దాయాది అయిన, హాని చేయని, త్వరగా పెరిగే ఒక బాక్టీరియాను పెంచి, దానిని చంపే రసాయనం కోసం జల్లెడ పట్టింది. ఒకటి దొరికింది. అప్పుడు ఆ మందుకు లొంగని బాక్టీరియాలను పెంచి, వాటి జన్యుపటం చదివి, మార్పు ఎక్కడ వచ్చిందో చూశారు. ఆ విధంగా తాళం బయటపడింది: ఏటీపీని తయారుచేసే యంత్రం వంటి ప్రోటీన్, ఏటీపీ సింథేజ్. 2005లో ఆ ఫలితం ప్రచురితమైంది. 2012 డిసెంబరులో మందుకు అమెరికాలో అనుమతి లభించింది.

ఇక్కడ ఒక ఊహ అవసరం. ఎవరైనా కాగితం మీద లక్ష్యాల జాబితా రాసుకొని కూర్చుంటే ఏటీపీ సింథేజ్‌కు మొదటి వరుసలో చోటు దొరికేదా? దొరికేది కాదు. ఎందుకంటే అదే యంత్రం మనిషి కణాలలోనూ ఉన్నది. దానిని ఆపితే రోగి బతకడని వెంటనే కొట్టివేసేవారు. నిజానికి బెడాక్విలిన్ మనిషి యంత్రాన్ని పట్టుకొనే శక్తి క్రిమి యంత్రాన్ని పట్టుకొనే శక్తి కంటే వేల రెట్లు తక్కువ. ఈ సూక్ష్మభేదం కాగితానికి తెలియదు, క్రిమికి తెలుసు. క్రిమిని అడిగినవారికే సమాధానం దొరికింది. సుబ్బారావు చూసిన ఏటీపీ రెండవసారి మందుగా మారినది ఈ విధంగా, జ్ఞానం నుండి మందుకు కాక, మందు నుండి జ్ఞానానికి నడచిన దారిలో.

కొత్త జల్లెడలు

ఇటీవల వచ్చిన సాధనాలు అద్భుతమైనవి. వాటిని తక్కువ చేసి మాట్లాడడం అజ్ఞానమే అవుతుంది. సిడ్నీ బ్రెన్నర్, రిచర్డ్ లెర్నర్ 1992లో ప్రతిపాదించిన ఆలోచన నేడు పెద్ద పరిశ్రమగా ఎదిగింది. ప్రతి రసాయనానికీ ఒక డీఎన్ఏ ముక్కను చిరునామా చీటీలాగా తగిలిస్తారు. కోట్లాది రసాయనాలను ఒకే గొట్టంలో కలిపి ప్రోటీన్‌పై పోసి, అంటుకొనని వాటిని కడిగివేసి, మిగిలిన చీటీలు చదువుతారు. ఒకప్పుడు పెద్ద భవనం నిండా పట్టే పని పరీక్షనాళికలోకి వచ్చింది.

కేరాస్ అనే ప్రోటీన్ కథ ఇంకొక ఉదాహరణ. క్యాన్సర్‌లో దాని పాత్ర 1982లోనే తెలిసినా, దాని ఉపరితలం నున్నగా ఉండి ఏ రసాయనానికీ పట్టు దొరకలేదు. మూడు దశాబ్దాల పాటు ‘మందుకు లొంగనిది’ అనే ముద్ర దానిపై ఉండిపోయింది. 2013లో కాలిఫోర్నియాలో కెవన్ షోకాట్ బృందం చిన్న చిన్న రసాయన శకలాలతో తడిమి చూసి, ఒక మార్పు చెందిన కేరాస్‌లో అంతవరకు కనబడని గుంటను కనుగొన్నది. 2021లో సోటోరాసిబ్ అనుమతి పొందింది. లొంగనిది అంటే ఇంకా సరిగా తడమనిది అని మాత్రమే అర్థమని అది రుజువు చేసింది.

పుట్టబోయే బిడ్డలకు తీరని హాని చేసి 1961లో బజారు నుండి తొలగిన థాలిడోమైడ్ కథ మరీ విచిత్రం. అది సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ను పట్టుకొంటుందని 2010లో జపాన్ శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు. కణంలోని చెత్తను ఏరివేసే యంత్రాంగానికి అది కొత్త ప్రోటీన్లను అప్పగిస్తున్నదని తరువాత తేలింది. తాళాన్ని మూయడం కాదు, తాళాన్నే పీకి పారవేయించడం అనే కొత్త మార్గానికి ఆ జ్ఞానం ఎంతో బలమిచ్చింది. విషం నుండి విద్య పుట్టిందనవచ్చు.

ఇక కంప్యూటర్ల సంగతి. ప్రోటీన్ల ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్ 2022 నాటికి 20 కోట్లకు పైగా ఆకృతులను అందరికీ అందుబాటులో ఉంచింది. దానిని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, ప్రోటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం లభించింది. ఆ గౌరవం సముచితమే. కాని ఆకృతి చేతికి రాగానే మందు వచ్చేసినట్లే మాట్లాడేవారిని చూస్తే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తుకు రాక మానదు. తాళం బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ తాళం ఈ రోగం తలుపుకు వేసినదో కాదో బొమ్మ చెప్పదు. మనుషులపై పరీక్షల దశకు చేరిన రసాయనాలలో పదింట తొమ్మిది నేటికీ ఓడిపోతున్నాయి. తాళానికి తాళంచెవి కుదిరినా తలుపే వేరు కావడం అందుకు ఒక ముఖ్యకారణం.

ఒక విశేషం చెప్పుకోవాలి. 2020లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కంప్యూటర్ సాయంతో గుర్తించిన హాలిసిన్ అనే బాక్టీరియా నాశకం గురించి పత్రికలన్నీ రాశాయి. ఆ కంప్యూటర్‌కు శిక్షణనిచ్చినది ప్రోటీన్ల ఆకృతులతో కాదు. దాదాపు 2,500 రసాయనాలలో ఏది నిజమైన బాక్టీరియా పెరుగుదలను ఆపిందో చూసిన ఫలితాలతో. అత్యాధునిక యంత్రం కూడా పాఠం నేర్చుకొన్నది ప్రాణమున్న జీవి దగ్గరే.

లక్ష్యాన్ని ఎవరు ఎంచుకొంటారు?

మంచి లక్ష్యానికి పుట్టిల్లు రోగి శరీరమే. కొలెస్టరాల్ మందుల చరిత్ర దీనికి సాక్ష్యం. పీసీఎస్‌కే9 అనే జన్యువులోని మార్పు వల్ల కొన్ని కుటుంబాలలో కొలెస్టరాల్ విపరీతంగా పెరుగుతున్నదని 2003లో ఫ్రాన్స్‌లో కనుగొన్నారు. అదే జన్యువు పనిచేయని మనుషులలో కొలెస్టరాల్ 28 శాతం తక్కువగా, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువగా ఉన్నదని డల్లాస్ పరిశోధకులు అమెరికాలోని నల్లజాతివారిని పరిశీలించి 2006లో ప్రకటించారు. ప్రకృతి తానే చేసి చూపిన ప్రయోగం అది. 2015 నాటికి మందులు వచ్చాయి. జన్యు సాక్ష్యం ఉన్న లక్ష్యాలపై చేసిన మందులు నెగ్గే అవకాశం 2.6 రెట్లు ఎక్కువని 2024లో వెలువడిన ఒక విశ్లేషణ చెబుతున్నది.

మూత్రపిండాల విషయంలోనూ ఇటువంటి కథ ఉన్నది. ఆఫ్రికా సంతతి వారిలో మూత్రపిండాల జబ్బు ఎందుకు అంత ఎక్కువో చాలా కాలం ఎవరికీ తెలియలేదు. పేదరికమనీ, రక్తపోటనీ సరిపెట్టుకొన్నారు. 2010లో ఏపీఓఎల్1 అనే జన్యువులోని రెండు మార్పులు అందుకు ముఖ్యకారణమని తేలింది. ఆఫ్రికాలో నిద్రాజబ్బు క్రిమి నుండి కాపాడిన మార్పులే అవి. తాళం తెలిసింది; జల్లెడ పట్టారు; ఇనాక్సాప్లిన్ అనే రసాయనం దొరికింది. 2023లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో రోగుల మూత్రంలో పోయే ప్రోటీన్ దాదాపు సగానికి తగ్గింది. అది తుదకు ఎంతవరకు నిలుస్తుందో పెద్ద పరీక్షలే తేల్చాలి. అయినా రోగుల నుండి జన్యువుకు, జన్యువు నుండి లక్ష్యానికి, లక్ష్యం నుండి రసాయనానికి నడిచిన ఆ వరుస ఆదర్శప్రాయం.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో కొబ్బరి తోటల నీడన, జీడితోటల మధ్య బతికే వ్యవసాయదారులను, కూలీలను దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు కబళిస్తున్నది. వారిలో ఎందరికో మధుమేహం లేదు, రక్తపోటు లేదు. జబ్బు చడీచప్పుడూ లేకుండా వస్తుంది. నీటిలోని సిలికా, ఎండదెబ్బ, ఒంటిలో నీరు ఇంకిపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు ఎన్నో ఉన్నాయి. తిరుగులేని రుజువు ఏ ఒక్కదానికీ లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటలలోనూ ఇటువంటి జబ్బే ఉన్నది. వైద్యులు దానికి ‘కారణం తెలియని’ అనే విశేషణమే పేరుగా పెట్టారు.

కారణం తెలియని రోగానికి తాళం ఉండదు. తాళం లేని రోగం ఏ సంస్థ లక్ష్యాల జాబితాలోకీ ఎక్కదు. జాబితాకు ఎక్కని రోగం కోసం ఎవరూ జల్లెడ పట్టరు. కోట్ల రసాయనాలను ఒక గొట్టంలో పరీక్షించగల ఈ కాలంలో ఉద్దానం రోగికి డయాలిసిస్ తప్ప మరేమీ లేకపోవడానికి కారణం సాంకేతిక లోపం కాదు. మొదటి ప్రశ్నను ఆ రోగి వద్ద నుండి మొదలుపెట్టకపోవడమే.

ఇక్కడ మరొక సంగతి మనసును కలచివేస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయో లేదో తెలుసుకొనేందుకు రక్తంలో క్రియాటినిన్ కొలుస్తారు. క్రియాటినిన్ అంటే ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్ అనే పదార్థాలు విచ్ఛిన్నమైతే మిగిలేది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో లోకానికి తెలిపినది ఫిస్కే, సుబ్బారావులే. క్రియాటినిన్ కొలిచే రంగు పరీక్షను 1904లో రూపొందించిన ఆటో ఫోలిన్, హార్వర్డ్‌లో వారు పనిచేసిన విభాగానికి అధిపతి. అంటే ఉద్దానం కూలి చేతికి అందే రక్తపరీక్ష చీటీపై కనిపించని అక్షరాలతో ఒక తెలుగువాని పేరు కూడా ఉన్నది. కాని ఆ పరీక్షలో తేడా కనబడేసరికి మూత్రపిండాల శక్తిలో సుమారు సగం పోయి ఉంటుంది. నూరేళ్ళ నాటి కొలబద్దతోనే ఆ రోగి నేటికీ సరిపెట్టుకొంటున్నాడు.

అభ్యంతరాలు, సమాధానాలు

ఉద్దానానికి కావలసినది మంచినీరు గాని మందు కాదని కొందరంటారు. మంచినీరు కావాలి, సందేహం లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆ ప్రాంతానికి రక్షిత మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. అవి మెచ్చదగినవి. అయితే నీరు మారితే రేపటి బిడ్డకు జబ్బు రాకపోవచ్చు. అదైనా కారణం నీరే అయినప్పుడు. నేటి రోగి మాటేమిటి? పైగా కణాలలో ఏ దెబ్బ తగులుతున్నదో అణువుల స్థాయిలో తెలుసుకొంటే, ఏ విషం ఆ దెబ్బ కొడుతున్నదో కూడా తెలుస్తుంది. లక్ష్యాన్వేషణ మందుకే కాదు, నివారణకూ దారి చూపుతుంది.

పేదల రోగాలపై పెట్టుబడి తిరిగి రాదన్నది రెండవ అభ్యంతరం. ఒంటరిగా నడిచే సంస్థకు అది నిజమే కావచ్చు. కాని నిద్రాజబ్బుకు నోటి ద్వారా వేసుకొనే ఫెక్సినిడజోల్ 2018లోనూ, మొండి క్షయకు ప్రెటోమానిడ్ 2019లోనూ లాభాపేక్ష లేని సంస్థల కృషి వల్ల వచ్చాయి. మలేరియా క్రిమిని ఆపగల 13,000కు పైగా రసాయనాల వివరాలను ఒక పెద్ద కంపెనీ 2010లో అందరికీ బహిరంగపరచింది. దారులు ఉన్నాయి, నడిచేవారు కావాలి.

తెలుగువారికి తయారీ నైపుణ్యమే గాని అన్వేషణ చేతకాదన్నది మూడవ మాట. ఇందులో కొంత నిజమున్నా, ఇది శాపం కాదు. 1970 నాటి పేటెంట్ చట్టం తరువాత హైదరాబాదు పరిసరాలు ప్రపంచానికి మందులు వండిపెట్టే వంటశాల అయ్యాయి. సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును నెలకు సుమారు 2,80,000 రూపాయల నుండి 8,800 రూపాయలకు దింపిన 2012 నాటి నిర్బంధ లైసెన్సు దక్కినది హైదరాబాదు సంస్థకే. ఆ నగరానికి చెందిన మరొక సంస్థ 1997లోనే తన మధుమేహ రసాయనాన్ని డెన్మార్క్ కంపెనీకి అనుమతిపై ఇచ్చి, భారతీయ పరిశోధనకు కొత్త దారి తెరిచింది. ఆ రసాయనం మందుగా నిలదొక్కుకోలేదు. పదింట తొమ్మిది ఓడిపోయే ఆటలో ఒక ఓటమిని చూసి ఆట మానడం వివేకం కాదు.

చేయవలసినది

అమెరికాలోని ఔషధ సంస్థలలో, విశ్వవిద్యాలయాలలో జల్లెడ పట్టే బల్లల దగ్గర, కంప్యూటర్ల ముందు తెలుగువారు ఎందరో ఉన్నారు. స్వగ్రామంలో బడికి గది కట్టించడం, గుడికి గోపురం ఎత్తించడం, కంటి శిబిరం నడపడం వారికి కొత్త కాదు. ఆ దాతృత్వంలో కొంత భాగం కంటికి కనబడని పనికి మళ్ళవలసి ఉన్నది.

ఉద్దానం రోగుల రక్తం, మూత్రం, జన్యు వివరాలు వారి ఇష్టపూర్వకమైన అంగీకారంతో సేకరించి, ఏళ్ళ తరబడి భద్రపరచే నమూనాల నిధి మొదటి అవసరం. పదివేల మంది భారతీయుల జన్యుపటాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చిన జీనోమ్ ఇండియా దానికి పోల్చిచూసే పునాది కాగలదు. రోగుల కణాల నుండి పెంచిన సూక్ష్మ మూత్రపిండపు నమూనాలపై అనుమానిత విషాలను, ఆపైన రసాయనాలను జల్లెడ పట్టడం రెండవ మెట్టు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, రసాయన సాంకేతిక సంస్థ వంటివి చేయలేని పని కాదు ఇది. ఫలితాలన్నింటినీ, ఓటములతో సహా, బహిరంగంగా ఉంచడం మూడవది. ఇచ్చిన నమూనా నుండి మందు పుడితే అది ఇచ్చినవారికి అందే ధరలో ఉండాలన్న షరతు ముందుగానే రాసుకోవడం నాలుగవది. రక్తం శ్రీకాకుళానిది, మందు వేరొకరిది అయితే అది విజ్ఞానం కాదు, దోపిడీ.

ఇందులో త్వరగా ఫలితం రాదు. శంకుస్థాపన ఫోటో ఉండదు. పదేళ్ళ తరువాత ఒక జన్యువు పేరో, ఒక విషం పేరో, ‘ఇది కాదు’ అనే ఒక స్పష్టమైన సమాధానమో దక్కవచ్చు. కాని ఆ పేరు లేనిదే తాళం లేదు. తాళం లేనిదే ప్రపంచంలోని ఏ జల్లెడా ఆ రోగి వైపు తిరగదు.

తాళం ముందా, రోగి ముందా అన్న ప్రశ్నకు సుబ్బారావు జీవితమే సమాధానం. ఏటీపీని కనుగొన్నవారూ ఆయనే. ఏ అణువునూ ఎరగకుండా బోదకాలు మందు కోసం ఎలుకలను నమ్ముకొన్న బృందానికి పెద్దా ఆయనే. ఆయనకు పద్ధతులపై పట్టింపు లేదు, రోగంపై ఉన్నది. ఆయన పటానికి దండ వేసే చేతులు ఆ పట్టింపును కూడా వారసత్వంగా అందుకొంటే, ‘కారణం తెలియని’ అనే మాట ఏదో ఒకనాడు ఉద్దానం ఆసుపత్రి చీటీల మీద నుండి తొలగిపోతుంది.